అర మైక్రాన్ ప్లాస్టిక్ గాదె: సింగపూర్ లెక్కలు

సింగపూర్‌లో 2023లో పోగైన ప్లాస్టిక్ చెత్త 9 లక్షల 57 వేల టన్నులు. అందులో రీసైక్లింగ్‌కు వెళ్ళింది 5 శాతమే. ఆ ఏడాది జూలై 3 నుంచే పెద్ద సూపర్‌మార్కెట్లలో సంచికి కనీసం 5 సెంట్లు వసూలు చేయడం మొదలైంది. విచిత్రమేమిటంటే, అదే నగరంలోని మురుగునీటి శుద్ధి ట్యాంకుల్లో బ్యాక్టీరియా సొంతంగా పాలియెస్టర్ తయారుచేసుకుంటోంది. అదీ మట్టిలో కలిసిపోయే రకం.

0.5 మైక్రాన్

ఈ పాలియెస్టర్ల కుటుంబం పేరు పీహెచ్‌ఏ. వీటిలో మొదట బయటపడింది పీహెచ్‌బీ. 1926లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మారిస్ లెమోయ్న్ దీన్ని ఒక బ్యాక్టీరియాలో గుర్తించాడు. కార్బన్ పుష్కలంగా దొరికి, నత్రజనో భాస్వరమో కరువైతే చాలా రకాల బ్యాక్టీరియా ఎదుగుదల ఆపి ఆ కార్బన్‌ను పీహెచ్‌ఏ గుళికలుగా దాచుకోవడం మొదలుపెడుతుంది. మనకు గాదె ఎలాగో దానికి ఈ గుళిక అలాగ. గుళిక వ్యాసం 0.2 నుంచి 0.5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో రెండు వేలో వంతు దాటదు. నైల్ బ్లూ అనే రంగు వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడితే గుళికలు నారింజ రంగులో మెరుస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అవే తెల్లటి గుండ్రటి మచ్చలు. కుప్రియావిడస్ నెకాటర్ అనే బ్యాక్టీరియా పొడి బరువులో 80 శాతం దాకా ఈ పాలియెస్టరే ఉండగలదు.

3 ఎంజైమ్‌లు

పీహెచ్‌బీ తయారీకి మూడు ఎంజైమ్‌లు చాలు. మొదటిది రెండు అసిటైల్ కో-ఏ అణువులను కలుపుతుంది. రెండోది దానికి హైడ్రోజన్ చేరుస్తుంది. మూడోది సింథేజ్. అసలు పనిమంతురాలు ఇదే. కుప్రియావిడస్ సింథేజ్‌లో 589 అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో 319వ స్థానంలోని సిస్టీన్ దగ్గరే పాలియెస్టర్ గొలుసు పెరుగుతుంది. ఈ ఎంజైమ్ జంటగా పనిచేస్తుంది. ఒక్కో గొలుసులో పది వేలకు పైగా ముక్కలుంటాయి.

గొలుసుకు నీళ్ళంటే పడదు. అందుకే పెరిగేకొద్దీ ముడుచుకుని ఉండకడుతుంది, ఎంజైమ్ మాత్రం ఉండ పైభాగాన నిలిచి పని కొనసాగిస్తుంది. 1995లో గెర్న్‌గ్రాస్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు శుద్ధిచేసిన సింథేజ్‌ను, దానికి కావలసిన ముడిసరుకును పరీక్షనాళికలో కలిపితే 3 మైక్రాన్ల దాకా ఉన్న గుళికలు తయారయ్యాయి. కణంలోనైతే అంత పెద్దవి కావు. ఫేసిన్ అనే ప్రోటీన్ గుళిక పైన పొరలా పరుచుకుని, గుళికలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. ఫా-ఎం అనే మరో ప్రోటీన్ గుళికలను డీఎన్‌ఏకు కట్టి ఉంచుతుంది. కణం రెండుగా చీలేటప్పుడు ఇద్దరు పిల్లలకూ వాటా దక్కేది దీనివల్లే.

30 డిగ్రీలు

మురుగునీటి ట్యాంకులో ఈ గాదెకు వేరే పని ఉంది. ఆక్సిజన్ లేని గదిలో అక్యుములిబాక్టర్ అనే బ్యాక్టీరియా నీటిలోని ఆమ్లాలను తిని పీహెచ్‌ఏగా దాస్తుంది. గాలి అందే గదికి వచ్చాక ఆ నిల్వను ఖర్చుచేసుకుంటూ నీటిలోని భాస్వరాన్ని పీల్చుకుంటుంది. భాస్వరం చెరువుల్లో నాచు పెంచుతుంది కనుక దాన్ని తీసేయడం ముఖ్యం. ఉష్ణదేశాల వేడిలో ఈ పద్ధతి కుదరదని చాలాకాలం అనుకున్నారు. సింగపూర్‌లోని ఒక పూర్తిస్థాయి ప్లాంటును పరిశీలించిన బృందం ఆ అభిప్రాయం తప్పని 2016లో తేల్చింది. అక్కడి నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది.

60 లక్షల కోట్లు

ఇక సంచి సంగతి. 5 గ్రాముల సంచికి అర మైక్రాన్ గుళికలు ఎన్ని కావాలి? ఒక గుళిక బరువు గ్రాములో లక్ష కోట్లో వంతులో పన్నెండో భాగం. లెక్కవేస్తే దాదాపు 60 లక్షల కోట్ల గుళికలు. ఒక కణంలో పది చొప్పున ఉన్నా 6 లక్షల కోట్ల కణాలు! బ్యాక్టీరియాకు ఇది పెద్ద పనేం కాదు, ఖర్చే పెద్దది: దానికి మేపే ఆహారం, కణాన్ని పగలగొట్టి గుళికను వేరుచేయడం. సింగపూర్ కేంద్రంగా 2015లో మొదలైన ఆర్‌డబ్ల్యూడీసీ ఇండస్ట్రీస్ వంటి సంస్థలు వాడేసిన వంటనూనెను మేతగా పెట్టే దారి ఎంచుకున్నాయి.

90 శాతం

సింగపూర్‌లో రీసైకిల్ కాని, కాలే చెత్త కొలిమికే వెళుతుంది. దాని పరిమాణం 90 శాతం తగ్గుతుంది, మిగిలిన బూడిద సెమకావ్ దీవికి చేరుతుంది. ఆ చోటు 2035 నాటికి నిండిపోతుందని అంచనా. అంటే మట్టిలో కరిగే సంచి అయినా అక్కడ మట్టిని చూడదు, మామూలు సంచితో పాటే కాలిపోతుంది. పీహెచ్‌ఏ గొప్పదనం పొలంలో, సముద్రంలో, కంపోస్టు గుంటలో పనికొస్తుంది, కొలిమిలో కాదు. కాబట్టి సంచి మీద 'బయో' అని ఉందా అని కాదు, వాడాక అది ఎక్కడికి వెళుతుందని అడగండి. సింగపూర్‌లో ఉంటున్న మనవాళ్ళకైతే ఇంటి నుంచి తీసుకెళ్ళే గుడ్డసంచే అన్నిటికన్నా చవక.