నిలిపిన కారు నిలిచియుండుటెట్లు?



నడుచుచున్న కారును ఆపు బ్రేకును గుఱించి అందఱును జాగ్రత్తపడుదురు. ఆపిన కారును కదలకుండ పట్టియుంచు చేతి బ్రేకును గుఱించి మాత్రము, అది పట్టు తప్పిన దినము వఱకు ఎవరికిని తలంపు రాదు. పర్ణశాల మొదలుగాగల గోదావరీతీర గ్రామములలో ఈ యుపేక్ష మంచిది కాదు. భద్రాచలమునుండి సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణము చేసి యాత్రికుల కార్లు వచ్చును. పట్టణములలో పనిచేయు మన బిడ్డలు పండుగలకు కార్లలోనే వచ్చుచున్నారు. నదియొడ్డున నేల నీటివైపునకు వాలియుండును. కారు నిలిపి పెద్దలు దర్శనమునకు పోవుదురు. పిల్లలు దాని వెనుకనే యాడుకొందురు. కారు నడుపు పని కుఱ్ఱవారిది కావచ్చును. అది యింటిముందు నిలిచియున్నంతసేపు దాని మంచిచెడ్డలు చూచుట పెద్దల పని యని నా యభిప్రాయము.

ఎడ్లబండిని తలంచుడు. ఎడ్లను విప్పినంతనే కాడి నేలకు వ్రాలును, బండి నిలిచిపోవును. కారునకు నేలకు వ్రాలు కాడి లేదు. చేతి బ్రేకే దానికి కాడి. అయిదుగురు కూర్చున్న చిన్న కారు రమారమి 1000 కిలోల బరువుండును. పదడుగుల దూరమునకు ఒక యడుగు లేచు వాలుమీద దానిని నిలిపినచో, నూఱు కిలోల బలము దానిని ఎల్లప్పుడును క్రిందికి లాగుచుండును. ఈ లాగుడును పట్టియుంచవలసినది ఒక యుక్కుతీగ, రెండు జతల బద్దలు, అంతే.

చేతి బ్రేకు పనిచేయు విధము తెలిసికొన్నచో దాని జబ్బు తెలియుట సులభము. సైకిలు బ్రేకు తీగను మీరందఱును చూచియున్నారు. గొట్టములో తీగను నడిపి దూరపు వస్తువును లాగు ఆ యుపాయమునకు ఎర్నెస్టు బౌడెను అనునతడు 1896లో పేటెంటు పొందెను. కారులో సీట్ల నడుమనున్న పిడిని మీదికెత్తినప్పుడు అట్టి తీగయే వెనుక చక్రములను చేరును. ఆ చక్రములలో డ్రమ్ము అను ఇనుప గిన్నె యుండును. గిన్నె లోపల అర్ధచంద్రాకారముగల రెండు బద్దలు, అనగా బ్రేకు షూలు, ఉండును. తీగ లాగినప్పుడు ఆ బద్దలు విచ్చుకొని గిన్నెను లోపలినుండి ఒత్తిపట్టును. కాలి బ్రేకు త్రొక్కినను ఈ బద్దలే విచ్చుకొనును. కాని అప్పుడు వానిని నెట్టునది గొట్టములలోని ద్రవము. ద్రవము కాఱిపోయినను చేతి బ్రేకు పట్టవలెననియే దానికి వేఱుగా తీగ నేర్పఱచినారు.

ఇక అసలు విషయము. బలహీనత చేతికి తెలియును. జబ్బు మాత్రము తఱచుగా చక్రములో నుండును. పిడి మునుపటికంటె పైకి వచ్చుచున్నదనగానే తీగ సాగినదనుకొని, పిడి మొదట నున్న నట్టును బిగించుట లోకములో వాడుక. తొందరలోనున్న పనివాడు రెండు చుట్లు బిగించి డబ్బు పుచ్చుకొని పంపివేయును. తీగ కొంత సాగుట నిజమే. కాని నేను చూచిన బండ్లలో చాలవఱకు బద్దలమీది లైనింగు అరిగి, బద్దకును గిన్నెకును నడుమ ఎడము పెరుగుటయే కారణము. ఆ యెడమును చక్రములో తగ్గింపక తీగను బిగించినచో, పిడి దించిన తరువాతను బద్దలు పూర్తిగా వెనుకకు పోవు. అవి గిన్నెను ఒరయుచుండును, వేడెక్కును, లైనింగు మఱింత త్వరగా అరుగును. అంతేకాదు, నేటి చిన్న కార్లలో అరుగుదలను ఎప్పటికప్పుడు తానే సరిచేసికొను పండ్లమీట యొకటి డ్రమ్ములో నుండును. తీగ ఎల్లప్పుడును బిఱ్ఱుగా నున్నచో ఆ మీట తన పని సరిగా చేయజాలదు. కాబట్టి మొదట చక్రము, తరువాత తీగ. ఈ క్రమము తప్పరాదు.

పరీక్ష ఇంటివద్దనే చేయవచ్చును. పిడిని మెల్లగా ఎత్తుచు టిక్కు టిక్కు మను చప్పుళ్లను లెక్కపెట్టుడు. చాల చిన్న కార్లలో అయిదు మొదలు ఎనిమిది చప్పుళ్ల లోపల గట్టిగా పట్టవలెను. సరియైన సంఖ్య బండితో వచ్చిన పుస్తకములో నుండును. పది దాటినను పట్టనిచో పని యున్నదన్నమాట. ఎదుట వెలుగు ఎఱ్ఱదీపమును నమ్మకుడు. పిడి ఎత్తబడినదని మాత్రమే అది చెప్పును. చక్రము పట్టుబడినదో లేదో దానికి తెలియదు.

పనికి దిగుటకు ముందు కారును చదునైన గట్టినేలమీద నిలుపుడు. ముందు చక్రములకు ముందును వెనుకను చెక్కదిమ్మెలుగాని పెద్దరాళ్లుగాని గట్టిగా చేర్చుడు. ఇంజను బలము ముందు చక్రములకు పోవు బండియైనచో మొదటి గేరులో నుంచిన మఱింత భద్రము. వెనుక చక్రములకు పోవు బండిలో గేరు తీయనిదే ఆ చక్రములు తిరుగవు. అట్టిదానికి రాళ్లే ఆధారము. చేతి బ్రేకు దించుడు. జాకీతో వెనుకభాగము నెత్తి, క్రింద ఇనుప స్టాండులు నిలుపుడు. ఒక్క జాకీని నమ్మి కారుక్రింద తలదూర్చుట కూడదు. ఇటుకలను పేర్చి దానిపై కారు నిలుపుటయు నంతే. ఇటుక పగులుటకు ముందు చెప్పదు.

ఇప్పుడు ఇంజను నడిపించి కాలి బ్రేకును పదిమారులు గట్టిగా త్రొక్కి వదలుడు. గేరు తీసియుండవలెననుట మఱవకుడు. ఇందువలన లోపలి పండ్లమీట జరిగి బద్దల యెడము తగ్గవచ్చును. తానే సరిచేసికొనని పాత బండ్లలో డ్రమ్ము వెనుకనుండి తిప్పదగిన మర యుండును. చక్రము కొంచెము ఒరయువఱకు దానిని తిప్పి, స్వేచ్ఛగా తిరుగువఱకు వెనుకకు త్రిప్పవలెను. తరువాత పిడిని మరల లెక్కపెట్టి చూడుడు. అనేక సమయములలో ఇంతతోనే చప్పుళ్లు తగ్గును. తీగ జోలికి పోనక్కఱయే లేదు.

అప్పటికిని తగ్గనిచో ఇంజను ఆపి తీగను బిగింపవలెను. బిగించు నట్టు కొన్ని బండ్లలో పిడి మొదట మూతక్రింద నుండును. మఱికొన్నిటిలో, తీగ రెండుగా చీలుచోట కారుక్రింద నుండును. పిడిని ఒకటి రెండు చప్పుళ్లు ఎత్తియుంచి, పానాతో నట్టును అరచుట్టు చొప్పున బిగించుచు చక్రములను చేతితో త్రిప్పి చూడుడు. కొంచెము ఒరయుట తోచగానే ఆపుడు. పిడిని పూర్తిగా దించినప్పుడు రెండు చక్రములును అడ్డులేక తిరుగవలెను. అయిదాఱు చప్పుళ్లకు రెండును సమముగా పట్టుబడవలెను. దించినప్పుడు ఒరసినచో పావుచుట్టు వదలుచేయుడు. పిమ్మట తోడినట్టు నొకదానిని కలిగిన బండియైనచో దానిని బిగించి స్థిరపఱచుడు.

ఒక చక్రము పట్టి రెండవది పట్టనిచో నట్టు బిగించి ప్రయోజనము లేదు. తీగ తుప్పుపట్టి గొట్టములో చిక్కుకొనియుండును. లేదా బద్దలమీద ద్రవము ఊఱియుండును. చక్రము లోపలివైపున తడి, జిడ్డు కనబడినను, కాలి బ్రేకు మెత్తబడినను అది యింటిలో చేయు పని కాదు. కారును ఉన్నచోటికే తెలిసిన పనివానిని పిలిపింపుడు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదరాదు. పాతకాలపు లైనింగులలో రాతినార యుండెడిది, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని, తడిబట్టతో తుడువవలెను. వెనుకను డిస్కు బ్రేకులుండి, పిడికి బదులు మీట నొక్కినంత పట్టు క్రొత్త కార్లను ఇంట ముట్టకుండుటయే మేలు. వానిలో బ్రేకును తిప్పునది విద్యుత్తు మోటారు.

పని ముగిసిన పిమ్మట రెండు మూడు కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండ వచ్చి, వెనుక చక్రములకు దగ్గఱగా చేతి వెనుకభాగమును చేర్చి చూడుడు. ఒకటి రెండవదానికంటె మిక్కిలి వేడిగా నున్నచో అది యింకను ఒరయుచున్నది. తరువాత వాలుమీద పరీక్ష. నడుపువాడు సీటులోనే కూర్చుండి, కాలు బ్రేకుమీద సిద్ధముగా నుంచవలెను. ముందును వెనుకను ఎవరును ఉండరాదు. ఎగువకు తిరిగి ఒకమాఱు, దిగువకు తిరిగి ఒకమాఱు చూడవలెను. ఒకవైపు నిలిచినది రెండవవైపున నిలువకపోవచ్చును.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా ఒకమాట. వానకాలమున సీతవాగువంటి వాగులలో నీరు దాటిన కారునకు డ్రమ్ములు తడియును. తడిసిన బద్దలకు పట్టు తక్కువ. దాటిన వెంటనే కొంతదూరము మెల్లగా పోవుచు కాలి బ్రేకును తేలికగా నొక్కుచుండినచో అవి వేడెక్కి ఆఱును. ఆఱకుండగనే చేతి బ్రేకు వేసి రెండు మూడు దినములు నిలిపినచో బద్ద గిన్నెకు తుప్పుతో అంటుకొనవచ్చును. అట్టి రాత్రి చదునునేల చూచి, గేరులో నుంచి, చక్రములకు రాళ్లు పెట్టి, చేతి బ్రేకు దించి యుంచుట మంచిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ విభాగము, నడుపువాడు లేని బండి బహిరంగస్థలమున నిలిచినప్పుడు ఇంజను ఆపి బ్రేకైనను వేయవలెను, లేదా బండి తనంత కదలకుండ తగిన యేర్పాటైనను చేయవలెనని విధించుచున్నది. రాళ్లు అట్టి యేర్పాటే.

వాలుమీద నిలుపునప్పుడు ఎగువముఖమైన మొదటి గేరు, దిగువముఖమైన రివర్సు గేరు వేయవలెను. స్టీరింగును కొంచెము త్రిప్పియుంచినచో, ఒకవేళ కారు జాఱినను నదివైపునకు పోక గట్టునో చెట్టునో తగిలి నిలుచును. చక్రముక్రింద రాయి పెట్టిన వారు పోవునప్పుడు దానిని త్రోవలోనే విడిచి పోవుచున్నారు. రాత్రివేళ ద్విచక్రవాహనముమీద వచ్చువానికి ఆ రాయి కనబడదు. మీ యింట కారు నడుపువారితో, రాయికి బదులు రెండు చెక్కదిమ్మెలను త్రాటితో కట్టి డిక్కీలో ఉంచుకొమ్మని చెప్పుడు; అవి తిరిగి కారులోకే చేరును.