పాడైతే ఒక కాగితం... పోతే మరో కాగితం!

సెల్‌ఫోనుకు ‘గ్యారంటీ’ కడుతున్నారా? దేనికి గ్యారంటీయో అడిగి మరీ కట్టండి

గుంటూరు: మిర్చి యార్డులో టిక్కీలు దించి, కాటా వేయించి, పట్టీ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎండలో పడి బస్టాండుకు చేరి, కిక్కిరిసిన బస్సు మెట్టు మీద కాలు పెట్టిన పల్నాటి రైతు ఒకాయన చొక్కా జేబు తడుముకున్నారు. పట్టీ ఉంది. ఫోను లేదు!

బస్సు దిగి వెతికారు. పక్కవాళ్ల ఫోను అడిగి తన నంబరుకు చేయించారు. రెండుసార్లు మోగి మూడోసారికి స్విచ్ఛాఫ్ అయింది. అయినా ఆయన మరీ బెంబేలు పడలేదు. సంక్రాంతికి రూ. 16,500 పెట్టి ఫోను కొన్ననాడే మరో రూ. 1,499 ‘ఇన్సూరెన్సు’ కట్టారు. రెండేళ్లదాకా భయం లేదని దుకాణంలో చెప్పిన మాట గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే కాగితం పట్టుకుని దుకాణం మెట్లెక్కారు. కౌంటరు దగ్గర కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది ఇన్సూరెన్సు కాదు బాబాయ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఫోను చెడిపోతే బాగుచేసి ఇస్తారు. పోతే దీనికి సంబంధం లేదు.”

“మరి భయం లేదన్నావు కదా అబ్బాయ్?”

“రిపేరుకు భయం లేదన్నాను.”

కాగితంలో ఉన్నదంతా ఇంగ్లీషే. కొన్ననాడు దాన్ని చదివి చెప్పినవారు లేరు. ఇక చేసేది లేక ఆ రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

ఇది ఆయన ఒక్కరి గోడే కాదు. ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కదిపినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. ఫోను ఇప్పుడు మాటలకు మాత్రమే కాదు. బ్యాంకు ఓటీపీ వచ్చేది అందులోనే. పీఎం కిసాన్ డబ్బు పడిన కబురు, గ్యాసు బండ బుకింగు, దుబాయిలో ఉన్న కొడుకు ముఖం, అన్నీ అందులోనే. అలాంటి వస్తువుకు రక్షణ అని చెప్పి డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ రక్షణ దేనికో తెలియాలి కదా!

విత్తనం వేరు, పశువు వేరు

పల్లెలో తెలిసిన లెక్కతోనే చెప్పుకుందాం. విత్తనం మొలవకపోతే అమ్మిన కంపెనీని నిలదీస్తాం. సరుకులో లోపం కనుక జవాబుదారీ వాళ్లదే. అదే మొలిచిన పైరును అడవిపందులు తొక్కిపోతే విత్తన కంపెనీ పూచీపడదు. ఫోనుకు వారంటీ కూడా ఇలాంటిదే. తయారీలో లోపం ఉంటే కంపెనీ బాగుచేస్తుంది. నీళ్లలో పడినా, కిందపడి అద్దం పగిలినా, దొంగ ఎత్తుకెళ్లినా ఆ వారంటీ పనికిరాదు.

కొత్త ఫోనుకు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది. చార్జరు వంటి వాటికి చాలా కంపెనీలు ఆరు నెలలే ఇస్తున్నాయి. ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అంటే ఇదే వారంటీని మరో ఏడాదో, రెండేళ్లో పొడిగించటం. మొదటి ఏడాది కంపెనీ వారంటీ ఎలాగూ ఉంటుంది కనుక, మీరు కట్టిన డబ్బు పనిచేయటం రెండో ఏడాది నుంచే మొదలవుతుంది.

ఇక బీమా పశువుల బీమా లాంటిది. గేదె చనిపోతే డబ్బు వస్తుంది. అయితే చెవిపోగు చూపాలి, డాక్టరు సర్టిఫికెట్ తేవాలి, గడువులోగా కబురు పెట్టాలి. ఫోను బీమాకూ ఇవన్నీ ఉన్నాయి. ఫోను చెవిపోగు పేరు ఐఎంఈఐ నంబరు. ఇది 15 అంకెలు ఉంటుంది. ఫోనులో *#06# నొక్కితే కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనుకు ఇవి రెండు ఉంటాయి. పెట్టె మీద, బిల్లు మీద కూడా వేస్తారు.

ఈ రెంటికీ మధ్య మూడోది ఒకటి ఉంది. ‘డ్యామేజి ప్రొటెక్షన్’, ‘స్క్రీన్ ప్రొటెక్షన్’ అంటారు. అద్దం పగిలితేనో, నీళ్లలో పడితేనో ఆదుకునేది ఇది. దొంగతనానికి ఇదీ పనికిరాదు. ఈ మూడింటినీ కలగలిపి కౌంటరు మీద ‘ఇన్సూరెన్సు’ అనే ఒక్క మాట వాడటంతోనే చిక్కంతా వస్తోంది.

అన్ని దొంగతనాలూ ఒకటి కావు

సరే, బీమాయే కట్టామనుకుందాం. పోయిన ప్రతి ఫోనుకూ డబ్బు వస్తుందా? రాదు. పాలసీలో ‘దొంగతనం’ అన్న మాటకు అర్థం రాసి ఉంటుంది. తాళం పగలగొట్టో, బెదిరించో, లాక్కునో పట్టుకుపోతేనే ఇస్తామని కొన్ని పాలసీలు అంటాయి. జేబు కొట్టేస్తే ఇవ్వమనేవీ ఉన్నాయి. ఎక్కడో మరిచిపోతే, ఎలా పోయిందో చెప్పలేకపోతే ఇవ్వమనే షరతు చాలావాటిలో కనిపిస్తుంది. ట్రాక్టరు సీటు మీద పెట్టి బోరు కట్టేయటానికి వెళితే, అది కాపలా లేకుండా వదిలేసినట్టే లెక్క.

అందుకే పోలీసు స్టేషనులో రాయించే కాగితంలో ఒక్క మాట కూడా ముఖ్యమే. జేబు కత్తిరించి తీసుకుపోయిన ఫోనుకు ‘పోగొట్టుకున్నాను’ అని రాసిస్తే అది దొంగతనం కిందకు రాదు. ఆ ఒక్క మాట పట్టుకుని బీమా కంపెనీ కాదనవచ్చు. జరిగింది జరిగినట్టు రాయించండి. మరిచిపోయిన ఫోనును దొంగతనమని రాయించటం మాత్రం తప్పు. అది మెడకు చుట్టుకుంటుంది.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ నమోదైతే ఫిర్యాదుదారుకు కాపీ ఉచితంగా ఇవ్వాలి. గుంటూరు బస్టాండులో పోయిన ఫోనుకు మీ మండలంలోని స్టేషనుకు వెళ్లినా కాదనటానికి లేదు.

చేతికి వచ్చేదెంత?

ఇంకో సంగతి. కొన్న ధర మొత్తం ఇవ్వరు. వాడిన కాలానికి తరుగుదల తీస్తారు. ఆపైన మన వాటా అని కొంత కోస్తారు. ఉదాహరణకు రూ. 20,000 ఫోను ఎనిమిది నెలల తరువాత పోయింది. పాలసీలో తరుగు నూటికి 25 అని ఉంటే మిగిలేది రూ. 15,000. మన వాటా వెయ్యి పోతే రూ. 14,000. కట్టిన ప్రీమియం రూ. 1,500 అనుకుంటే నికరంగా మిగిలింది రూ. 12,500. ఈ కోతలు పాలసీని బట్టి మారతాయి. కనుక ఎంత శాతమో ముందే అడగాలి.

రూ. 25,000, 30,000 పెట్టి కొని, నిత్యం బస్సుల్లో, సంతల్లో తిరిగేవారికి దొంగతనం బీమా గురించి ఆలోచించటంలో అర్థముంది. ఎనిమిది, తొమ్మిది వేల ఫోనుకు మాత్రం ఆ ప్రీమియం డబ్బును విడిగా దాచుకోవటమే మేలు. ఫోను పోకపోతే ఆ డబ్బు మీదే. బీమాకు కట్టింది మాత్రం తిరిగిరాదు. చేయిజారే అలవాటున్నవారికి, చిన్నపిల్లలున్న ఇంటికి దొంగతనం బీమా కంటే అద్దం రక్షణే అక్కరకొస్తుంది.

కౌంటరు దగ్గర అయిదు ప్రశ్నలు

డబ్బు తీసి ఇచ్చే ముందు ఇవి అడగండి.

1. ఇది వారంటీయా, అద్దం రక్షణా, బీమాయా? బీమా అయితే కాగితం మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉండి తీరాలి. దుకాణం పేరు ఒక్కటే ఉంటే అనుమానించండి.

2. దొంగతనం వర్తిస్తుందా? జేబు కొట్టేస్తే? మరిచిపోతే? జవాబు నోటిమాటగా కాదు, కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఊళ్లో చదువుకున్న పిల్లల్ని వెంట తీసుకువెళితే ఇంకా మంచిది.

3. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు?

4. తరుగెంత? మన వాటా ఎంత?

5. పోయిన ఎన్ని గంటల్లో కబురు చేయాలి? ఏ నంబరుకు? కొన్ని పాలసీలకు 24 గంటలే గడువు, కొన్నింటికి 48.

బిల్లు మీ పేరునే రాయించండి. అందులో ఐఎంఈఐ నంబరు ఉందో లేదో అక్కడే చూసుకోండి. బిల్లు బామ్మర్ది పేరున ఉండి ఫోను మీ జేబులో పోతే బీమా దగ్గర చిక్కే. బిల్లు, పాలసీ, పెట్టె ఇంట్లో పాసుపుస్తకాల పక్కనే భద్రం చేయండి. వాటి ఫోటో తీసి ఆ ఫోనులోనే దాచుకుంటే లాభం లేదు. అదీ దానితోపాటే పోతుంది!

ఫోను పోతే ఆ రోజే చేయాల్సింది

బీమా ఉన్నా లేకున్నా ఈ పనులు తప్పవు. మొదట మీ సిమ్ కంపెనీకి చెప్పి సిమ్ ఆపించండి. వెంటనే బ్యాంకుకు చెప్పి ఫోన్‌పే, గూగుల్‌పే వంటి యూపీఐ లావాదేవీలు నిలిపించండి. ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిస్తే 1930కి ఫోను చేయండి. సైబర్ నేరాలకు దేశమంతటికీ అదే నంబరు.

తరువాత పోలీసు ఫిర్యాదు. ఆపైన ఆధార్ చూపి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. కొత్త సిమ్‌కు దాదాపు ఒక రోజు మెసేజీలు రావు. కంగారుపడకండి, అది మోసాలు ఆపటానికి పెట్టిన ఏర్పాటే.

అసలైన ఆయుధం ఆ తరువాత ఉంది. కేంద్ర టెలికం శాఖ నడిపే ‘సంచార్ సాథీ’లో పోయిన ఫోనును బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నెలలో ఈ సదుపాయం దేశమంతటికీ వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఐఎంఈఐ నంబరు, పోలీసు ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు ఉంటే చాలు. బ్లాక్ అయిన ఫోనులో ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయదు. ఎవరైనా సిమ్ వేస్తే ఆ జాడ పోలీసులకు చేరుతుంది. ఇలా జాడ తీసిన ఫోన్లను జిల్లాల్లో ఎస్పీ కార్యాలయాలకు పిలిచి సొంతదారులకు అప్పగించటం ఇప్పుడు తరచూ చూస్తున్నాం. ఫోను దొరికాక బ్లాక్ తీయించుకోవటం మరిచిపోకండి.

పాత ఫోను కొనేవారికీ ఇందులో ఓ ఉపాయం ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కు మెసేజీ పంపితే ఆ ఫోను సంగతి తెలుస్తుంది. చవగ్గా వచ్చిందని దొంగ సొత్తు కొని తిప్పలు పడనక్కరలేదు.

మోసపోతే ఎవరిని అడగాలి?

బీమా కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు ఆ కంపెనీకే రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు. లాయరూ అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 155255.

వారంటీని బీమా అని చెప్పి అంటగడితే 1915కు చెప్పుకోవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అయితే నోటిమాటకు సాక్ష్యం ఉండదు. అందుకే కొనేనాడు కాగితం మీద రాయించుకోమనటం.

మొదట చెప్పిన రైతు చివరికి తమ మండలంలో ఫిర్యాదు ఇచ్చి, పెట్టె మీది నంబరుతో ఫోను బ్లాక్ చేయించారు. ఫోను ఇంకా దొరకలేదు. ఖాతాలో మిర్చి డబ్బు మాత్రం రూపాయి పోలేదు. “పోయింది ఫోనొక్కటే, అదే పదివేలు” అంటున్నారాయన. రూ. 1,499 సంగతి ఎత్తితే మాత్రం ఆయన గొంతు మారుతుంది.

“ఎరువు బస్తా కొన్నా దాని మీద ఏం రాశారో చూస్తాను. దీన్ని చూడలేదు!”