సీసామీఁది చీటి

ఇంట ఆవకాయ, మాగాయ పెట్టి సీసాలతో నమ్మి, సంసారమునకుఁ జేయూఁత నిచ్చు గృహిణులు నేఁడు మన తెలుగునాఁట పెక్కుమంది కలరు. రుచినిగూర్చి వారికి నేర్పవలసినది లేదు. సీసాపై నంటించు లేబిలునుగూర్చి మాత్రము రెండు మాటలు.

దూరదేశమున సీసా మూఁత తీయువారికి మన నోరు ఆ కాగితమే. కావున బొమ్మకంటె ముందు మాట చూచుకొనవలెను. పదార్థము పేరు, ఎక్కువ తూకము మొదలు తక్కువ తూకమువఱకు వరుసగా దినుసులు, నికరపు తూకము, తయారైన తేది, వాడవలసిన గడువు, తయారుచేసినవారి పేరు, చిరునామా ముఖ్యములు. శాకాహారమునకు ఆకుపచ్చ చుక్క గుర్తు వలయును. 2006 నాఁటి ఆహారభద్రతా చట్టము ననుసరించి పొందిన 14 అంకెల సంఖ్యయు నుండవలెను. వివరములు ఇంగ్లీషుననో హిందీలోనో యుండవలెనని నియమము. తోడుగాఁ దెలుగును జేర్పవచ్చును. చేర్పుఁడు, ఇంటి పెద్దలును జదువుకొందురు.

సీసా వంపుమీఁద నంటించినచో ముడుతలు పడును. నిటారుగా నున్న భాగమునే కొలిచి చీటి కత్తిరింపింపుఁడు. వందలకొలఁది ముద్రింపక మునుపు ఒకదాని నంటించి, నూనె చేతితోఁ దుడిచి చూడుఁడు. అక్షరము చెదరినచో వేఱు కాగితము నడుగుఁడు.

నువ్వులనూనె యని ముద్రించి వేఱొకటి పోయుదమా, నిరుటి సరకునకు ఈయేటి తేది వేయుదమా యను తలఁపు ఎవరికైనఁ గలుగవచ్చును. అప్పు డా సీసా మన బిడ్డ విస్తరిచెంత నున్నట్లు తలంపుఁడు. చేయి దానంతట నదే వెనుకకు వచ్చును.