బురద పొరలలో వానల లెక్క

వేసవిలో చెరువు ఎండినపుడు పూడికమట్టిని బండ్లకో ట్రాక్టర్లకో ఎత్తి చేలకు తోలుట మీకు కొత్త కాదు. ఈసారి మట్టి త్రవ్విన గోతి అంచును పారతో నున్నగా చెక్కి, ఒక్క నిమిషము నిలిచి చూడుడు. ఒకచోట ముతక యిసుక, దానిపై నల్లని మెత్తని బంక, మరల సన్నని ఎర్రమట్టి చార కనబడును. పెద్ద వరద ఇసుకను తెచ్చును. నీరు నిలకడగా నున్న కాలమున మెత్తని ఒండ్రు నిదానముగా దిగును. అడుగుపొర పాతది, పైపొర కొత్తది.

మన పెద్దల నోట 1876 నాటి ధాత కరువు మాట వినబడును. అంతకు ముందు 1832-33లో గుంటూరు సీమను పాడుచేసిన డొక్కల కరువు గలదు. వానను కొలిచి వ్రాసిన లెక్కలు మన దేశమున చాలచోట్ల నూటయేబది యేండ్లకు మించి లేవు. వేల యేండ్ల క్రిందట వానలెట్లుండెనో తెలియవలెనన్న బురదనే అడుగవలెను. డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయు యువకులు, యువతులు పలువురు నేడు ఈ పనిలో నున్నారు.

సరస్సు లేక సముద్రము అడుగునకు పొడవైన గొట్టమును దింపి, పొరలు చెదరకుండ మట్టిస్తంభమును పైకి తీయుదురు. దానిని వెదురుబొంగును చీల్చినట్లు నిలువున రెండుగా చీల్చి, ఒక సగమును దాచి, రెండవ సగమును కెమెరా క్రింద మెల్లగా జరుపుచు ఫొటో తీయుదురు. ఆసుపత్రులలో తలకు తీయు సి.టి. స్కానుతోనే లోపలి గులకరాళ్లను, పురుగుల బొరియలను చూతురు. మరియొక యంత్రము ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, మట్టిని కదపకయే అందు ఇనుము, టైటానియము, కాల్షియము ఏ పొరలో హెచ్చో, ఏ పొరలో తగ్గో తెలుపును. టైటానియము నేలమీదినుండి కొట్టుకొనివచ్చిన మట్టికి గురుతు. సముద్రపు బురదలో కాల్షియము ఎక్కువగా చిన్న ప్రాణుల పెంకులనుండి వచ్చును. మిల్లీమీటరునకు ఒక కొలత చొప్పున ఇరువది మూలకములను చూచినచో, ఒక్క మీటరు మట్టికే 20,000 అంకెలగును. అందుచే ఫొటోలను, అంకెలను కంప్యూటరునకిచ్చి, ఒకే తీరు పొరలను జతపరచుట, చారలను లెక్కించుట దానికి నేర్పుచున్నారు.

అయితే ఫొటోను చూచి మోసపోరాదు. నల్లచార ఆకు అలము కుళ్లినందువలన రావచ్చును. గాలి సోకని అడుగున ఇనుము మారినందువలనను రావచ్చును. వానపాములు మీ చేని మట్టిని కలిపినట్లే సముద్రపు పురుగులు పొరలను కలిపివేయును. పొర వయస్సును పెంకులలోని కార్బన్-14తో తేల్చుదురు. ఇది 5,730 ఏండ్లకు సగమగును. అట్లు తేల్చిన వయస్సులోను కొన్ని పదుల యేండ్ల తేడా యుండును. ఏటేటి చారలు చెదరక నిలిచిన సరస్సులలో తప్ప, వేల యేండ్ల క్రిందట ఫలానా యేడు వాన పడలేదని చెప్పువారిని నేను నమ్మను.

ఇక మన గోదావరి సంగతి. 2006లో ఆ నది కలియుచోటికి ఎదుట, బంగాళాఖాతమున 1,268 మీటర్ల నీటి అడుగునుండి ఒక మట్టిస్తంభమును తీసిరి. దాని ఎనిమిదిన్నర మీటర్లలో సుమారు 11,000 ఏండ్ల చరిత్ర గలదు. ఆకులపై నుండు మైనపుపూత బురదలో వేల యేండ్లు చెడక నిలుచును. జొన్న, సజ్జ, ఎండకోర్చు గడ్డి జాతుల మైనములోని కర్బనము వేరు. చెట్ల మైనములోని కర్బనము వేరు. ఈ తేడాను కొలువగా, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి గోదావరి పరివాహక ప్రాంతము పొడిబారుచు, ఎండకోర్చు జాతులు పెరుగుచు వచ్చెననియు, 1,700 ఏండ్ల క్రిందటినుండి అవియే నిలిచిపోయెననియు 2012లో ప్రకటించిరి.

వాన తగ్గినచో నది తెచ్చు మట్టియు తగ్గునని మీరనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. కాని అదే స్తంభముపై 2017లో ప్రకటించిన పరిశోధన దీనికి విరుద్ధముగా నున్నది. వానలు తగ్గిన పిమ్మటనే సముద్రమును చేరిన మట్టి హెచ్చినది. దానితో కొట్టుకొనివచ్చిన జీవపదార్థమును పరీక్షింపగా అదియు పాతది, అనగా నేలలో చిరకాలముగా నిలిచి యుండినది. కారణము మీకు తెలిసినదే. చెట్టు, గడ్డి పలుచబడిన చోట పడిన నాలుగు జడివానలును బయలునేలపైననే పడినవి. తరువాత దక్కను పీఠభూమిపై సేద్యము విస్తరించుటతో ఈ కోత మరింత పెరిగినది.

కరువు యేడు గట్ల పని వాయిదా వేయుట మన పల్లెలలో మామూలు. వాన లేదు గదా, మట్టి ఎక్కడికి పోవునని అందురు. పంట పోయిన చేనిని పశువులు మొదళ్లతో సహా మేసి బోడి చేయును. అటువంటి చేనికి తరువాతి మొదటి జడివానతోనే నష్టమెక్కువ. మొదళ్లను కొంతైనను నిలుపుడు. గండ్లను వేసవిలోనే పూడ్చుడు.

రాబోవు మృగశిరకు వాన పడునా అని అడిగినచో ఈ బురద చెప్పలేదు. మీ మట్టి సంగతి తెలిసికొనుటకు మాత్రము ఒక గాజుసీసా చాలును. తొలకరి జల్లులో మీ చేనినుండి పారు నీటిని అందులో పట్టి, కదపక ఒక మూల నుంచుడు. తెల్లవారుసరికి అడుగున ఇసుక, దానిపై సన్నని ఒండ్రు పొరగా దిగియుండును. పైనీరు అప్పటికిని మసకగా నున్నచో ఆ మసక మీ చేని మేలైన బంకమట్టి. సముద్రము దాక పోగలిగినది అదియే.