కోలాట బృందంలో కొత్తవారు, పాతవారు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– బృందంలో ఎవరికి ఏది రావడం లేదో గుర్తించగలుగుతారు;
– ఒకే కోపును అందరికీ తగినట్లు పంచి ఇవ్వగలుగుతారు;
– జడకోలాటానికి బృందం సిద్ధమైందో లేదో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీ ఊళ్లో పండుగలకో తిరునాళ్లకో కోలాటం వేయడం మీరు చూసే ఉంటారు. మీరే కోలలు పట్టి ఉండవచ్చు కూడా. రెండు కోలలు, ఒక పాట, మధ్యలో తాళాలతో గురువు ఉంటే చాలు. పెద్ద ఖర్చు లేని కళ ఇది. తమిళనాడు, కర్ణాటకలలో కూడా కోలాటం ఉంది. గుజరాత్ దాండియా కూడా కోలల ఆటే.

పనులు ముగించుకొని సాయంత్రం 20 మంది వచ్చారనుకొందాం. వారిలో ఆరుగురు ఎన్నో ఏళ్లుగా వేస్తున్నవారు. ఎనిమిది మందికి అడుగు వచ్చు గాని వేగం అందుకోలేరు. మిగిలిన ఆరుగురు మొన్ననే చేరారు. వేగం పెంచితే కొత్తవారి వేళ్లకు దెబ్బలు తగులుతాయి. తగ్గిస్తే పాతవారికి విసుగు పుడుతుంది. ఇలాగే సాగితే కొత్తవారు సిగ్గుపడి మానేస్తారు. పాతవారు ఒక్కొక్కరే తప్పుకొంటారు. చివరికి బృందమే మిగలదు. మరి ఏం చేయాలి?

2. ఏది రావడం లేదు?

‘నాకు రాదు’ అని అందరూ అంటారు గాని, కారణం అందరికీ ఒకటి కాదు. దాన్ని ఇలా తెలుసుకోవచ్చు.

(అ) కోలలు పక్కన పెట్టి, పాటకు చప్పట్లు వేయించండి. తప్పితే తాళం అందలేదన్నమాట.
(ఆ) చప్పట్లు ఆపి, పాటకు అడుగులు మాత్రమే వేయించండి. తప్పితే అడుగు కుదరలేదన్నమాట.
(ఇ) ఇప్పుడు కోలలు ఇవ్వండి. ఇక్కడ మాత్రమే తప్పితే చేయి, కాలు కలవడం లేదన్నమాట.

ఎవరు ఎక్కడ ఆగిపోయారో వారికి అక్కడి నుంచే నేర్పాలి. అడుగు రాకపోయినా పాట బాగా వచ్చినవారు ఉంటారు. వారికి పాట అప్పగించండి. నేర్చుకొంటున్నంత కాలం వారికీ బృందంలో ఒక చోటు ఉంటుంది.

3. ఒకే కోపు, మూడు పనులు

అడుగులు, కోల దెబ్బలు కలిసిన ఒక వరుసను కోపు అంటారు. ఎనిమిది లెక్కల కోపును తీసుకొందాం. అడుగులు అందరికీ ఒకటే. దెబ్బలు మాత్రం ఇలా పంచండి.

కొత్తవారు: 1, 5 లెక్కలకు ఎదుటివారి కోలలపై దెబ్బ. మిగిలిన లెక్కలకు అడుగు మాత్రమే.
మధ్యవారు: పై రెండూ కాక, 3, 7 లెక్కలకు తమ కోలలు తామే తాకించాలి.
పాతవారు: 1, 5 ఎదుటివారితో, మిగిలిన ఆరు లెక్కలూ తమ కోలలతో.

అందరూ కలిసే చోటు 1, 5 లెక్కలే అని మీరు గమనించారు కదా! అందువల్ల ఎవరు ఎవరితో జతకట్టినా ఆట చెడదు. కోలను కింది కొన దగ్గర పట్టి, పై భాగంతో కొట్టమనండి. వేళ్లకు దెబ్బలు తగ్గుతాయి.

4. ఉద్దిని కుదర్చడం

కోలాటంలో జతగాడిని ఉద్ది అంటారు. ఇద్దరు కొత్తవారిని ఉద్దిగా పెట్టకండి. మన 20 మందిలో ఆరుగురు కొత్తవారికి ఆరుగురు పాతవారు సరిపోతారు. మధ్యవారు నాలుగు జతలవుతారు.

అయితే పాతవారు ఎప్పుడూ నేర్పుతూనే ఉంటే వారి సరదా ఏమవుతుంది? అందుకని చివరి పావుగంట వారికే వదలండి. తమకు నచ్చిన వేగంతో వేస్తారు. కొత్తవారు చుట్టూ నిలబడి పాడుతూ చప్పట్లు వేయాలి. రేపు తాము వేయబోయేది ఏమిటో వారికీ తెలుస్తుంది.

తప్పు జరిగితే పేరు పెట్టి పిలవకండి. ‘మళ్లీ మొదటి నుంచి’ అంటే చాలు. తప్పినవారికి ఎలాగూ తెలుసు.

5. జడకోలాటం

పైనుంచి వేలాడే తాళ్లను ఒక్కొక్కరు ఒక చేత పట్టుకొని, రెండో చేత కోల పట్టుకొంటారు. సగం మంది ఒక వైపు, సగం మంది ఎదురు వైపు, ఒకరిని లోపలి నుంచి, తరువాతివారిని బయటి నుంచి దాటుతూ తిరుగుతారు. పైన జడ అల్లుకొంటుంది. వెనక్కి అదే వరుసలో తిరిగితే విడిపోతుంది.

ఇక్కడ పనిని తేలిక చేసి ఇవ్వడం కుదరదు. ఒక్కరు దారి తప్పినా తాళ్లన్నీ చిక్కుపడతాయి. కాబట్టి ముందు తాళ్లు లేకుండా నడిపించండి. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే తాళ్లు ఇవ్వండి. ఇంకా కుదరనివారితో దాపరికం వద్దు. ‘ఈసారి పాట మీది, కుదిరిన రోజున తాడు మీది’ అని చెప్పండి. ఆ రోజు రాగానే మాట నిలుపుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. 12 మందిలో ముగ్గురు పాతవారు, ఐదుగురు మధ్యవారు, నలుగురు కొత్తవారు. ఉద్దులను ఎలా కుదురుస్తారు?
2. కొత్తవారికి 1, 5 లెక్కల దెబ్బలే ఎందుకు ఇచ్చాం?

జవాబులు

1. ముగ్గురు కొత్తవారికి పాతవారు, నాలుగో వ్యక్తికి ఒక మధ్యవారు. మిగిలిన నలుగురు మధ్యవారు రెండు జతలు.
2. అందరూ ఎదుటివారిని కలిసేది ఆ రెండు లెక్కలకే. అవి సరిగా పడితే ఆట నిలుస్తుంది.