ప్రాంతీయ పరిశోధనకు ప్రభుత్వ నిధులు - ప్రాధాన్యతల నిర్ణయమే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

ఏ ప్రాంతమైనా తన నేలకు, నీటికి, వాతావరణానికి తగిన పరిజ్ఞానాన్ని సమకూర్చుకున్నప్పుడే స్థిరమైన అభివృద్ధి సాధించగలుగుతుంది. అన్ని సమస్యలకూ పరిష్కారాలు బయటి నుంచి రావు. వచ్చినవాటిని కూడా స్థానిక పరిస్థితులకు అనువుగా మలచుకోవలసి ఉంటుంది. ఈ కృషే ప్రాంతీయ పరిశోధన. పరిమితమైన ప్రభుత్వ నిధులను ఏ పరిశోధనకు ముందుగా, ఎంతకాలం, ఏ రూపంలో కేటాయించాలన్నది ఏటా బడ్జెట్ ప్రతిపాదనల సమయంలో అధికారుల ముందుకు వచ్చే ప్రశ్న. తెలుగు నేలపై నూరేళ్లకు పైగా సాగిన పరిశోధనల అనుభవం ఈ ప్రశ్నకు చాలావరకు సమాధానం చెబుతోంది.

నిధుల ముఖచిత్రం

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ గణాంకాల ప్రకారం 2020-21లో దేశంలో పరిశోధన, అభివృద్ధిపై జరిగిన మొత్తం వ్యయం సుమారు 1,27,381 కోట్ల రూపాయలు. 2010-11లో ఇది సుమారు 60,197 కోట్లు. పదేళ్లలో వ్యయం రెట్టింపు దాటినప్పటికీ స్థూల దేశీయోత్పత్తిలో దాని వాటా 0.64 శాతం మాత్రమే. ఈ వాటా చైనాలో 2 శాతానికి, దక్షిణ కొరియాలో 4 శాతానికి పైగా ఉండడం గమనార్హం.

ఈ వ్యయంలో కేంద్ర ప్రభుత్వ వాటా 43.7 శాతం, ప్రైవేటు పరిశ్రమల వాటా 36.4 శాతం కాగా, రాష్ట్ర ప్రభుత్వాలన్నింటి వాటా కలిపి 6.7 శాతం. అంటే దేశంలోని రాష్ట్రాలన్నీ కలిసి వెచ్చించినది దాదాపు 8,500 కోట్ల రూపాయలు. ఈ మొత్తంలో ఎక్కువ భాగం వ్యవసాయ, అనుబంధ రంగాల పరిశోధనలకే వెళుతుంది. కేంద్ర సంస్థలు జాతీయ అవసరాలను, పరిశ్రమలు మార్కెట్ అవసరాలను చూసుకుంటాయి. ఒక జిల్లాకో, కొన్ని మండలాలకో పరిమితమైన సమస్యను పట్టించుకోవలసిన బాధ్యత ప్రధానంగా ఈ చిన్న వాటాపైనే ఉంది. అందుకే దీనిలో ప్రతి రూపాయికీ ప్రాధాన్యతా క్రమం అవసరం.

మార్కెట్ చేపట్టని పని

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో ఏర్పడింది. వశిష్ట, మసూరి రకాల సంకరణంతో ఇక్కడ రూపొందిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి వంగడం 1982లో విడుదలైంది. తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడి ఇచ్చే ఈ వంగడం రాష్ట్ర సరిహద్దులు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ రైతుల పొలాలకు చేరింది. ముంపును తట్టుకునే గుణాన్ని ఒడిశాకు చెందిన ఒక పాత రకం నుంచి దీనిలోకి చేర్చి రూపొందించిన స్వర్ణ-సబ్1 దేశంలో 2009లో విడుదలైంది. ఇది రెండు వారాల వరకు నీట మునిగినా తిరిగి కోలుకుంటుంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) సన్నబియ్యానికి మారుపేరుగా నిలిచింది.

ఇంతటి ఆదరణ పొందిన ఈ వంగడాలను ప్రైవేటు కంపెనీలు ఎందుకు రూపొందించలేదన్న సందేహం సహజం. సంకర జాతి విత్తనాన్ని రైతు ఏటా కొనవలసిందే. స్వర్ణ, సాంబ మసూరి వంటి సూటి రకాల విషయంలో అలా కాదు. ఒకసారి కొన్న రైతు తన పంట నుంచే మరుసటి ఏటికి విత్తనం ఉంచుకోవచ్చు, పొరుగు రైతుకూ ఇవ్వవచ్చు. అందువల్ల కంపెనీకి ఏటా వచ్చే రాబడి ఉండదు. రైతుకు ఎంత మేలు జరిగితే పెట్టుబడిదారుకు అంత తక్కువ మిగిలే పరిశోధన ఇది. ప్రభుత్వ ధనం మొదటగా చేరవలసిన చోటు ఇటువంటిదే.

రెండు శాసనసభల కాలం

ఒక వరి వంగడం రూపకల్పనకు సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. సంకరణం జరిగిన తరువాత గుణాలు స్థిరపడడానికి ఆరేడు తరాలు పెంచాలి. పరిశోధన కేంద్రంలో దిగుబడి పరీక్షలు, అఖిల భారత సమన్వయ పథకం కింద వివిధ రాష్ట్రాలలో పరీక్షలు, రైతుల పొలాల్లో చిరుసంచుల పరీక్షలు పూర్తయ్యాకే విడుదల. ఆపైన బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకరణ విత్తనం అనే మూడు దశలు దాటితే తప్ప అది రైతు చేతికి అందదు.

పదేళ్లంటే రెండు శాసనసభల కాలం. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారవచ్చు, పథకాల పేర్లు మారవచ్చు. పొలంలోని మొక్క మాత్రం ఆగదు. ఒక్క సీజన్‌లో కూలీల ఖర్చుకు, నీటికి, నమూనాల పరీక్షకు సొమ్ము అందకపోతే ఆ తరం మొక్కల సమాచారం శాశ్వతంగా పోతుంది. మరుసటి ఏడు రెట్టింపు నిధులిచ్చినా పోయిన సీజన్ తిరిగిరాదు. రోడ్డు, భవనం పనులకు, పరిశోధనకు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఒక కేంద్రం శ్రమ మరో కేంద్రానికి పెట్టుబడి కావడం కూడా ఈ రంగంలో విశేషం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) వంశావళి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. దీని జనకాలలో ఒకటి మారుటేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010), రెండవది జగిత్యాల కేంద్రపు వంగడం జేజీఎల్ 3855. గోదావరి డెల్టాలో, ఉత్తర తెలంగాణలో వేర్వేరు కాలాల్లో పెట్టిన ఖర్చు మూడవ చోట ఫలించింది. అలాగే సాంబ మసూరికి ఉన్న బాక్టీరియా ఎండాకు తెగులు బెడదను తొలగించేందుకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను చేర్చి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. బాపట్లలో మూలరకం లేకపోతే హైదరాబాద్ ప్రయోగశాలకు మెరుగుపరచడానికి వంగడమే ఉండేది కాదు.

ప్రాంతాల వారీ కేంద్రాలు

1979లో ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టు రాష్ట్రాలను వ్యవసాయ వాతావరణ మండలాలుగా విభజించి, ఒక్కో మండలానికి ఒక్కో ప్రాంతీయ కేంద్రాన్ని బలోపేతం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి, మారుటేరు, లాం, నంద్యాల, తిరుపతి, చింతపల్లి, తెలంగాణలో జగిత్యాల, వరంగల్, పాలెం ఈ ప్రాంతీయ కేంద్రాలు. 2014లో రాష్ట్ర విభజనతో ఇవి రెండు విశ్వవిద్యాలయాల పరిధిలోకి వెళ్లినా, తెగుళ్లకు, వర్షాలకు సరిహద్దులు లేవు గనుక పరస్పర సహకారం అవసరం తగ్గలేదు.

ఖరీఫ్, రబీలకు ముందు జరిగే మండల స్థాయి పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలలో శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు, రైతులు కలిసి కూర్చుంటారు. క్షేత్రంలో ఎదురైన సమస్య పరిశోధన అంశంగా మారేది ఇక్కడే. నిధుల ప్రాధాన్యతలు ఈ సమావేశాల తీర్మానాలకు ఎంత దగ్గరగా ఉంటే అంత సార్థకమవుతాయి.

నీరు, ఆరోగ్యం: బాధితులున్నా కొనుగోలుదారులు లేని సమస్యలు

వ్యవసాయం వెలుపల కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదటిసారిగా గుర్తించినది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగునీటి నుంచి ఫ్లోరైడును తొలగించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ 1970వ దశకంలో రూపొందించిన విధానం నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని తేర్చే ఈ పద్ధతి తూర్పు ఆఫ్రికా దేశాల వరకు వెళ్లింది. మిగిలే బురద, నీటిలో ఉండిపోయే అల్యూమినియం దీని పరిమితులు. సురక్షిత ఉపరితల జలాలను గ్రామాలకు తరలించడమే శాశ్వత మార్గమని అనుభవం తేల్చింది. పరిష్కారం ప్రయోగశాలలో మొదలై ఇంజనీరింగ్ శాఖ చేతుల్లో పూర్తి కావడం ఇక్కడి పాఠం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పరిస్థితి ఇంకా కఠినమైనది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో కొబ్బరి, జీడి తోటల మధ్య జీవించే కుటుంబాలను దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. నీరు, సిలికా, భార లోహాలు, ఎండలో శ్రమ వంటి పలు అంశాలను పరిశీలించిన అధ్యయనాలు వచ్చినా కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ ప్రాణం నిలుపుతుంది, కానీ వ్యాధి ఎందుకు వస్తోందో చెప్పదు. ఆరోగ్యవంతులుగా ఉన్న వారిని ఏళ్ల తరబడి గమనిస్తూ, నీటిని, రక్తాన్ని క్రమం తప్పక పరీక్షించే అధ్యయనమే ఆ జవాబు చెప్పగలదు. చికిత్స పద్దు, పరిశోధన పద్దు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావని ఉద్దానం గుర్తు చేస్తోంది.

నూతన ఆవిష్కరణల వేదికలు

ఇటీవలి సంవత్సరాల్లో ఆవిష్కరణలకు ప్రత్యేక వ్యవస్థలు ఏర్పడ్డాయి. హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్, మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమయ్యాయి. కేంద్ర స్థాయిలో 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏర్పడింది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు లక్ష్యం కాగా, అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి వస్తాయని అప్పట్లో అంచనా వేశారు. ఈ ఫౌండేషన్ చేపట్టిన పెయిర్ కార్యక్రమం కింద ఒక పెద్ద సంస్థ కేంద్రంగా రాష్ట్ర విశ్వవిద్యాలయాలను అనుసంధానిస్తారు. మొదటి విడత ఎంపికైన కేంద్రాలలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల నిధి, పరిశ్రమలకు తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక రుణాలు అందించేందుకు ఉద్దేశించినది.

ఇవన్నీ స్వాగతించదగినవే. అయితే రుణం తీర్చగల ఆవిష్కరణకు రుణం తగిన సాధనం. ఉద్దానం కారణాన్వేషణకు, సూటి రకం వరి వంగడానికి రుణం ఇచ్చేవారూ ఉండరు, తీర్చే మార్గమూ ఉండదు. వాటికి గ్రాంటే శరణ్యం. కొత్త వేదికలకు నిధులు పెరిగినప్పుడు పాత కేంద్రాల గ్రాంటు తగ్గకుండా చూడడం ఇందుకే ముఖ్యం.

పద్దులలో పరిశీలించవలసినవి

పరిశోధన నిధుల వార్తను పరిశీలించేటప్పుడు పాత్రికేయ మిత్రులు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే మూడు అంకెలను వేర్వేరుగా చూడడం ఉపయోగకరం. కేటాయింపు, విడుదల, వినియోగం ఒకటి కావు. మొత్తంలో జీతభత్యాలు పోగా ప్రయోగాలకు మిగిలినదెంత అన్నది నాలుగవ ప్రశ్న. 2017-18 నుంచి ప్రణాళికా, ప్రణాళికేతర వ్యత్యాసం తొలగినందున ఈ వివరం పద్దుల లోపలికి వెళ్లి చూస్తే తప్ప కనిపించదు.

వాటా నిధుల సంగతి కూడా గమనించాలి. కృషి విజ్ఞాన కేంద్రాల వ్యయాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి పూర్తిగా భరిస్తుంది. అఖిల భారత సమన్వయ పథకాలలో మండలి 75 శాతం, రాష్ట్ర విశ్వవిద్యాలయం 25 శాతం భరిస్తాయి. 2007లో పూర్తి కేంద్ర సహాయంతో మొదలైన రాష్ట్రీయ కృషి వికాస యోజన 2015-16 నుంచి 60:40 నిష్పత్తికి మారింది. రాష్ట్ర వాటా, వినియోగ ధ్రువపత్రం సకాలంలో అందకపోతే కేంద్రం వాటా సైతం ఆలస్యమవుతుంది. చిన్న వాటా జాప్యం పెద్ద వాటాను ఆపగలదు.

ప్రాధాన్యతా క్రమం

పై అనుభవాల నుంచి ఐదు అంశాలను క్రోడీకరించవచ్చు.

1. బాధితులు ఎక్కువగా ఉండి, లాభం ఆశించి ముందుకు వచ్చే సంస్థ లేని సమస్యలకు మొదటి స్థానం ఇవ్వాలి.

2. కొనసాగుతున్న దీర్ఘకాలిక ప్రయోగాల నిర్వహణ వ్యయాన్ని కొత్త ప్రకటనల కంటే ముందుగా భద్రపరచాలి.

3. నిధుల విడుదల ఆర్థిక సంవత్సరపు త్రైమాసికాలతో పాటు పంటకాలాన్ని కూడా అనుసరించాలి. జూన్‌లో విత్తవలసిన ప్రయోగానికి సెప్టెంబరులో వచ్చే సొమ్ము ఉపయోగపడదు.

4. ఖాళీ అయిన శాస్త్రవేత్తల పోస్టుల భర్తీని కూడా నిధుల కేటాయింపులో భాగంగానే పరిగణించాలి. పరికరం ఉండి మనిషి లేని ప్రయోగశాల వల్ల ఫలితం శూన్యం.

5. విత్తనోత్పత్తి, విస్తరణ సేవలకు తగిన వాటా ఉండాలి. పొలానికి చేరని పరిశోధన నివేదికగానే మిగులుతుంది.

1925లో మారుటేరులో కేంద్రాన్ని నెలకొల్పిన వారిలో ఎవరూ స్వర్ణ విడుదలను ఊహించి ఉండరు. వారు ఖర్చు చేసిన సొమ్ము ఫలితం 57 ఏళ్ల తరువాత కోట్లాది కంచాలలోకి చేరింది. నేడు కేటాయించే నిధుల ఫలితాన్ని అందుకునేది కూడా రేపటి తరమే. ఆ తరానికి నిరంతరాయంగా సాగే పరిశోధన కేంద్రాలను అందించవలసిన బాధ్యత నేటి బడ్జెట్ ప్రతిపాదనలపై ఉంది.