వంద కిలోల రాయిలో 44 కిలోలు గాల్లోకే!

వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోల సున్నమే. మిగతా 44 కిలోలు ఏమయ్యాయి? ‘కార్బన్‌ డయాక్సైడ్‌గా పోయింది’ అని ఇంటర్‌ చదివిన ఎవరైనా చెప్పేస్తారు. సిమెంటు లాంటి కోర్‌ రంగాల్లో ఉద్యోగం కావాలంటే మాత్రం ఆ జవాబు దగ్గర ఆగిపోతే చాలదు. కెమికల్‌, మెకానికల్‌, సివిల్‌.. మీ బ్రాంచి ఏదైనా సరే, ఈ ఒక్క చర్యను లోతుగా పట్టుకోండి.

ఎందుకంత వేడి?

కాల్షియం కార్బొనేట్‌ విడిపోవాలంటే దాదాపు 900 డిగ్రీల సెల్సియస్‌ వేడి కావాలి. మెగ్నీషియం కార్బొనేట్‌కు అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. బేరియం కార్బొనేట్‌కు ఇంకా ఎక్కువ కావాలి. కారణం లోహ అయాన్‌ సైజు. చిన్న అయాన్‌ కార్బొనేట్‌లోని ఎలక్ట్రాన్లను తనవైపు గట్టిగా లాగుతుంది. దాంతో బంధం బలహీనపడి త్వరగా తెగుతుంది. గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ అయాన్‌ పెద్దదవుతుంది, ఆ లాగుడు తగ్గుతుంది. ఈ కారణం అర్థమైతే క్రమాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇది వెనక్కి కూడా జరిగే చర్య. వచ్చిన గ్యాస్‌ను బయటికి పోనివ్వకపోతే చర్య ఒక దశలో ఆగిపోతుంది.

ప్లాంటులో ఇలా..

పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాయిని ముక్కలుగానే కాలుస్తారు. వేడి రాయి లోపలిదాకా చేరాలి, గ్యాస్‌ బయటికి రావాలి. అందుకే గంటలకొద్దీ సమయం పడుతుంది. తాడిపత్రి, జగ్గయ్యపేట, తాండూరు ప్రాంతాల్లో కనిపించే ఆధునిక సిమెంటు ప్లాంట్ల తీరు వేరు. అక్కడ రాయిని మెత్తటి పొడిచేసి ప్రీకాల్సినర్‌లోకి పంపుతారు. కొన్ని సెకన్లలోనే 90 శాతం దాకా విడిపోతుంది. ఆ తర్వాత కిల్న్‌లో దాదాపు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్‌ తయారవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే

‘బొగ్గు మానేసి సోలార్‌ కరెంటు వాడితే సిమెంటు కాలుష్యం పోతుంది కదా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు? తొందరపడి అవునంటే పొరపాటే. ఒక లెక్క చూడండి. టన్ను క్లింకర్‌లో సున్నం 65 శాతం, అదంతా సున్నపురాయి నుంచే వచ్చింది అనుకుందాం. 650ని 44తో గుణించి 56తో భాగిస్తే సుమారు 511 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌! ఇందులో ఇంధనం వాటా కలపనే లేదు. ఇదంతా రాయిలోంచి వచ్చిందే. ఇంధనం మార్చినా ఇది తగ్గదు.

మరి దారేంటి? ఫ్లై యాష్‌, స్లాగ్‌, కాల్చిన బంకమట్టి లాంటివి కలిపి క్లింకర్‌ వాటాను తగ్గించడం ఒకటి. వెలువడే గ్యాస్‌ను పట్టి నిల్వచేయడం ఇంకొకటి. మన దేశం 2023లో కార్బన్‌ క్రెడిట్‌ ట్రేడింగ్‌ పథకాన్ని నోటిఫై చేసింది. దాని పరిధిలోకి వచ్చే రంగాల్లో సిమెంటు కూడా ఉంది. అంటే, ఉద్గారాలను కొలిచి, తగ్గించే దారి చెప్పగలిగేవాళ్ల అవసరం ప్లాంట్లకు ఉంటుంది.

మీరు చేయాల్సింది

* 56, 44 అంకెలను అణుభారాల నుంచి మీరే రాబట్టండి.
* ‘లాస్‌ ఆన్‌ ఇగ్నిషన్‌’ లెక్కలు సాధన చేయండి. ఉదాహరణకు 10 గ్రాముల రాయిని కాలిస్తే 3.96 గ్రాములు తగ్గింది అనుకోండి. తగ్గిందంతా సున్నపురాయి నుంచి పోయిన కార్బన్‌ డయాక్సైడే అయితే, 3.96ను 0.44తో భాగించాలి. వచ్చేది 9 గ్రాములు. అంటే ఆ రాయిలో కాల్షియం కార్బొనేట్‌ 90 శాతం.
* టీజీఏ గ్రాఫ్‌ చదవడం నేర్చుకోండి. వేడి పెరిగేకొద్దీ బరువు ఎక్కడ, ఎంత తగ్గిందో అది చూపిస్తుంది.
* సోలార్‌ ప్రశ్నకు జవాబును రెండు నిమిషాల్లో, లెక్కతో సహా, పైకి చెప్పి చూసుకోండి. తడబడకుండా చెప్పగలిగితే, ఈ అంశంలో మీరు ఇంటర్వ్యూకి సిద్ధమైనట్టే.